ఖేడా పల్లెల దూరదర్శనము

చరిత్రమనగా రాజుల పట్టాభిషేకములును యుద్ధములును మాత్రమే యని తలంచు దినములు గడచిపోయినవి. పల్లెకును చరిత్రము కలదు. చెరువు ఎవరు త్రవ్వించిరో, ఏ కరవున ఎవరు ఊరు విడిచిపోయిరో, ఏ బావికడ ఎవరికి నీరు నిరాకరింపబడెనో, ఇదియంతయు చరిత్రమే. ఇట్టి చరిత్రమును గూర్చి మన తెలుగునాట మొదట శ్రద్ధ వహించినవారిలో కల్నలు కాలిన్ మెకంజీ ఒకడు. అతని కొలువున నుండిన కావలి సోదరులు మొదలగువారి పూనికచే ఊరూర సేకరింపబడిన కైఫియతులు నేటికిని చరిత్రకారులకు పెన్నిధివంటివి. అయినను ఆ కైఫియతులను చదువునప్పుడు ఒక సంగతి మఱవరాదు. వానిని చెప్పినవారు చాలవరకు కరణములు, పూజారులు, ఊరిపెద్దలు. మాలవాడలోని మాట, కూలివాని మాట, ఇల్లాలి మాట వానిలో వినబడుట అరుదు. వ్రాత తెలిసినవాని చరిత్రమే ఊరి చరిత్రమైనది.

వ్రాత రానివాడు సైతము తన మాట తాను చెప్పుకొనుటకు వీలైన సాధనము ఇరువదవ శతాబ్దిలో లభించినది. బొమ్మయు పలుకును కలసి దూరమునకు పోగలిగిన ఆ సాధనమే టెలివిజను. దీనిని వినోదమునకును వ్యాపారమునకును వాడుకొనుట మన మందఱము ఎఱిగినదే. కాని మన దేశముననే ఒక జిల్లాలో, పదేండ్లకు మించిన కాలము, పల్లెవాని కష్టసుఖములను పల్లెవాని నోటనే పలికించి, ఆ పల్లెలకే చూపుటకు ఇది వినియోగపడినదని ఎఱిగినవారు కొలదిమంది. గుజరాతులోని ఖేడా జిల్లాలో జరిగిన ఆ ప్రయత్నమును చదువరులకు తెలుపుటయే మా యుద్దేశము.

మొదట దేశమున ఈ సాధనము ప్రవేశించిన తీరును కొంచెము చెప్పవలసియున్నది. 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో, యునెస్కో సాయముతో, ఆకాశవాణివారి అధీనమున ప్రసారము మొదలైనది. ఆనాడు ఇది భాగ్యవంతుల ఇంటి అలంకారముగా గాక, పదిమంది ఒకచోట కూర్చుండి చూచి చర్చించుకొనదగిన విద్యాసాధనముగా భావింపబడెను. 1967 జనవరిలో ఢిల్లీ పరిసరములలోని 80 పల్లెలలో సామూహికముగా చూచుటకు యంత్రములను నెలకొల్పి 'కృషిదర్శన్' అను వ్యవసాయ కార్యక్రమమును ఆరంభించిరి. తరువాత 1972లో బొంబాయికిని, క్రమముగా ఇతర మహానగరములకును ప్రసారములు వ్యాపించినవి. అనగా ఈ విద్య నగరమునుండి నగరమునకు ప్రాకుచుండెనే కాని పల్లెకు దిగుట చాల మెల్లగా సాగెను.

దీనికి మాఱుమార్గ మాలోచించినవాడు విక్రమ్ సారాభాయి. ధనిక దేశములు నగరములతో ఆరంభించి పల్లెలతో ముగించినవి. మన మేల పల్లెలతోనే ఆరంభింపరాదు, అని ఆయన తలంపు. నేలమీద స్తంభములు నాటుకొనుచు పోయినచో దేశమంతయు వ్యాపించుటకు దశాబ్దములు పట్టును. ఆకాశమున ఒక ఉపగ్రహమున్నచో మాఱుమూల పల్లెకును మహానగరమునకును అది సమదూరముననే యుండును. ఈ యోచనతో 1969లో మన అణుశక్తి శాఖకును అమెరికా వారి నాసాకును ఒడంబడిక కుదిరినది. సారాభాయి 1971 డిసెంబరులో అకాలమరణము నొందెను. కాని ఆయన సంకల్పము నిలిచినది. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జులై 31వ తేదీ వఱకు అమెరికావారి ఉపగ్రహమొకటి మన ఆరు రాష్ట్రములలోని 20 జిల్లాలకు, సుమారు 2,400 పల్లెలకు బొమ్మలను పంపెను. 'సైట్' అని సంక్షేపముగా పిలువబడిన ఈ ప్రయోగమున ఆంధ్రప్రదేశ మొకటి. తక్కినవి కర్ణాటకము, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశము, రాజస్థానము.

పది యడుగుల వెడల్పున కోళ్లగూటి వలవంటి తీగజల్లెడతో చేసిన గొడుగు ఒకటి బడి కప్పుమీదనో పంచాయతీ చావడిముందో నిలిపిరి. ఉదయమున బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలమున పెద్దలకు రెండున్నర గంటలు కార్యక్రమములు. వేసవి సెలవులలోను దసరా సెలవులలోను ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనమున శిక్షణ మిచ్చిరి; అట్లు శిక్షణ పొందినవారు సుమారు 50,000 మంది. తెలుగు కార్యక్రమములు హైదరాబాదున తయారగుచుండెను. ప్రయోగఫలితములను పరిశీలించుటకు సామాజిక శాస్త్రవేత్తలు కొందఱు పల్లెలలోనే నెలల తరబడి కాపురముండిరి. చదువు రానివారికిని స్త్రీలకును ఆరోగ్యము మొదలగు విషయములలో కలిగిన జ్ఞానలాభము చదువుకొన్నవారికి కలిగినదానికంటె తక్కువ కాదని వారి పరిశీలనమున తేలినది. అక్షరము అడ్డుపడనిచో పల్లెవాని బుద్ధి ఎవరికిని తీసిపోదని దీనివలన విశదమగుచున్నది.

అయినను ఈ మహాప్రయోగమున ఒక లోప ముండెను. ఉపగ్రహము ఒకే బొమ్మను రెండు భాషల పలుకులతో పంపగలదు. కావున తెలుగువానికిని కన్నడిగునికిని ఒకే బొమ్మ చూపి పలుకు మాత్రము మార్చుట కలదు. ఒక సీమలోని పొలమును, కట్టుబొట్టులను, వ్యవసాయపు పనిముట్లను మఱియొక సీమవారు చూడవలసివచ్చెను. మా ఊరి సంగతి కాదిది అని చూపరికి తోచినపుడు బోధ యెంత మంచిదైనను మనస్సున నాటదు. ఏడాది ముగియగనే ఉపగ్రహము తిరిగిపోయినది. తీగజల్లెడలు పెక్కుచోట్ల నిరుపయోగమైనవి.

ఈ లోపమునకు ప్రత్యుత్తరముగా ఖేడా నిలిచినది. ఖేడా సామాన్యమైన జిల్లా కాదు. 1918లో పంట పాడైనను పన్ను వదలని ప్రభుత్వము నెదిరించి గాంధీమహాత్ముడును వల్లభభాయి పటేలును సత్యాగ్రహము నడపిన గడ్డ యది. 1946లో పాడిరైతుల సహకారసంఘము పుట్టి, ఆనందు పట్టణమున 'అమూల్' అను పేర లోకప్రసిద్ధి చెందినదియు అచ్చటనే. పొగాకు, వరి, పాడి గల సుభిక్షమైన నేల. కాని ఆ సుభిక్షము అందఱిది కాదు. భూమిగల పాటీదారులొకవైపు, వారి పొలములలో కూలిచేయు బారయాలు, దళితులు మఱియొక వైపు. సత్యాగ్రహ చరిత్రమున పాటీదారు రైతు పేరు మ్రోగినది. ఆ రైతు పొలమున కూలి చేసినవాని పేరు మ్రోగలేదు.

ఈ జిల్లాలో పీజ్ అను గ్రామమున 1975లో ఒక చిన్న ప్రసారయంత్రమును స్థాపించిరి. దాని శక్తి ఒక కిలోవాటు. దాని పలుకు చుట్టును సుమారు 35 కిలోమీటర్ల మేర వినబడును. ఆ మేరలో నాలుగువందల పల్లెలలో ఇంచుమించు ఆరువందల సామూహిక యంత్రములు నెలకొల్పబడినవి. పాల సంఘపు కార్యాలయము, బడి, పంచాయతీ చావడి వంటి పదిమంది చేరు స్థలములలో వానిని ఉంచిరి. పాల సంఘముననే జాతిభేదము లేక అందఱును వరుసలో నిలిచి పాలు పోయుట అలవాటైన జిల్లా కనుక ఈ ఏర్పాటునకు అచ్చట తగిన భూమిక ముందే యుండెను. కార్యక్రమములను తయారుచేయు పని చాలవరకు అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రమువారు వహించిరి. కొంత కాలభాగమును దూరదర్శనమువారు నింపుచుండిరి. వ్యాపార ప్రకటనలు అందులో లేవు.

ఇచ్చటి విశేషమంతయు తయారుచేసిన పద్ధతిలో నున్నది. సాధారణముగా పట్టణమున కూర్చుండినవాడు పల్లెవానికి ఏది మంచిదో తానే నిశ్చయించి, తానే వ్రాసి, వేషగానికి తలపాగ చుట్టి, 'అన్నలారా' అని ఉపదేశింపజేయును. ఖేడాలో మొదట పరిశోధకులు పల్లెలకు పోయి, ఇచ్చటి కష్టమేది, దానిని గూర్చి ఎవరే మనుకొనుచున్నారు, ఏ మాటతో చెప్పుచున్నారు అని విచారించిరి. ఆపైన రచన సాగెను. గ్రామస్థులు కొందఱు రచనలోను, నటనలోను, చిత్రీకరణములోను పాల్గొనిరి. తయారైనదానిని కొందఱికి ముందుగా చూపి, తెలియని చోట్లను సవరించిరి. ప్రసారమైన పిమ్మట మరల పోయి, జనులేమనిరో తెలిసికొని, దానిని తరువాతి రచనకు వాడుకొనిరి. అడుగుట, చూపుట, మరల అడుగుట అను ఈ మూడడుగుల నడక ఏ యుపాధ్యాయునికైనను శిరోధార్యమని మా యభిప్రాయము. పిల్లవానికేమి తెలియునో యెఱుగక పాఠము చెప్పువాడు గోడకు పాఠము చెప్పినట్లే కదా!

విషయము లెట్టివనగా, పాడి, పైరు, ఆరోగ్యము, శిశుపోషణము వంటివి ఉండనే యున్నవి. వానితో నిలువక, ఊరివారు ఊరిలో బహిరంగముగా మాటలాడ జంకు సంగతులను ఆ తెరపైకి తెచ్చిరి. అస్పృశ్యత, కూలివానికి చట్టము విధించిన కనీస వేతనము దక్కకపోవుట, త్రాగుడు, ఇంటిలో స్త్రీ హీనస్థితి, వీనినన్నిటిని కథలుగాను, సంభాషణములుగాను, ఉన్నదున్నట్లు చిత్రించిన దృశ్యములుగాను చూపిరి. 'చతుర్ మోటా' యను ధారావాహిక నాటకమున తెలివిగల ఊరిపెద్ద యొకడు ప్రధానపాత్ర. వరకట్నము, వితంతువివాహము మొదలగు చిక్కులు దానిలో చర్చకు వచ్చినవి. 'హూ నే మారా ఏ', అనగా 'నేనును మావారును', అను మఱియొకటి దాంపత్యజీవనమును గూర్చినది. పేరు చూడుడు! భర్త పేరు పలుకని ఇల్లాలి నోట వచ్చు మాటయే ఆ నాటకమునకు పేరైనది. మన యిండ్లలోను 'మావారు', 'మా ఇంటాయన' అను మాటలు లేవా? పేరులోనే ఇంటిగాలి సోకినపుడు, ఇది మన కథ యని స్త్రీలు చెవియొగ్గుదురు.

మన వీరేశలింగము పంతులుగారు ఏబది సంవత్సరములు ప్రహసనములతోను పత్రికలతోను చేసిన పనినే ఖేడావారు ఈ నూతన సాధనముతో చేయ యత్నించిరనవచ్చును. పంతులుగారి ప్రహసనములకు చదువరులు కావలసియుండిరి. ఈ నాటకములకు చూపరులు చాలును. భేదమంతయు నిందే యున్నది. పంతులుగారు వితంతువును గూర్చి వ్రాసిరి, దళితుని గూర్చి మఱికొందఱు మహనీయులు వ్రాసిరి. తమ్ముగూర్చి తామే పలుకు అవకాశము ఆ కాలమున వారికి మిక్కిలి అరుదు. ఖేడాలో కూలివాడు తన కూలిని గూర్చి తానే తెరపై చెప్పెను. ఆ కూలి నిచ్చువాడును అదే చావడిలో కూర్చుండి దానిని చూచెను. ఇట్టి సందర్భమున ఊరిలో కలత పుట్టకుండునా? పుట్టినను, మూసిన కడుపునొప్పికంటె విప్పిన మాట మేలు.

ఈ కృషికి గుర్తింపుగా 1984లో గ్రామీణ సమాచార వ్యాప్తి నిమిత్తమై యునెస్కోవారు ఖేడాకు బహుమాన మిచ్చిరి. అయితే ఖేడా స్వర్గమైపోయినదని మేము చెప్పుటలేదు. తెరపై బొమ్మ చూచినంతనే కులమదము కరగిపోదు, కూలి పెరగదు. సామూహిక యంత్రమున్న చావడిలోనికి దళితుడు నిస్సంకోచముగా రాగలుగునా, స్త్రీ సాయంకాలపు వంటపని విడిచి రాగలుగునా అను ప్రశ్నలు ఈ పనిలో అడుగడుగునకు ఎదురగునవే. యంత్రమును ఊరి కిచ్చుట ఒక యెత్తు. ఊరిలో అందఱికి నిచ్చుట మఱియొక యెత్తు. అయినను, తెర మీద తన పోలికను చూచిన మనుష్యుడు తన బ్రదుకును లోకమునకు చెప్పదగినదిగా తలంచును. ఆ తలంపే సంస్కరణమునకు మొదటి మెట్టు.

ఇంత మంచి పని దేశమంతట ఏల వ్యాపింపలేదు? కారణము కనుగొనుట కష్టము కాదు. 1976 మొదలు దూరదర్శనమున వ్యాపార ప్రకటనలు ప్రవేశించినవి. 1982లో రంగులబొమ్మలును, ఢిల్లీనుండి దేశమంతటికి ఒకే మాఱు పోవు జాతీయ కార్యక్రమమును వచ్చినవి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము ఆకసమున నెలకొన్నది. 1984లో కొన్ని నెలలపాటు దినమున కొకటి చొప్పున క్రొత్త ప్రసారయంత్రములు వెలసినవి. కాని వానిలో పెక్కింటికి స్వంతముగా పలుకు శక్తి లేదు. ఢిల్లీ పలికినదానిని మరల పలుకుటయే వాని పని. వెయ్యి నోళ్లు పుట్టినవి, మాట మాత్రము ఒక్కటే. 1982లో నియమింపబడిన పి.సి. జోషీగారి సంఘము ప్రాంతీయ కార్యక్రమములకు ప్రాధాన్య మీయవలెనని గట్టిగా చెప్పినను, ఆ నివేదిక అరలలోనే నిలిచినది. 1990 ప్రాంతమునకు పీజ్ ప్రసారయంత్రమును మూతపడినది. దానిని తీసివేయవలదని అచ్చటి గ్రామస్థులు మొఱపెట్టుకొనిరి. ఒక ప్రభుత్వ కార్యక్రమమును ఆపవలదని పల్లెజనులు పట్టుబట్టుటకంటె దానికి వేఱొక యోగ్యతాపత్ర మేల?

ఇంక మన తెలుగుదేశపు సంగతి. 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వెలసి తెలుగువారి కొక గొంతు నిచ్చినది. 2014లో రాష్ట్రవిభజనానంతరము హైదరాబాదునుండి 'యాదగిరి'యు, విజయవాడనుండి 'సప్తగిరి'యు రెండు వాహినులైనవి. తోలుబొమ్మలాట, బుఱ్ఱకథ, ఒగ్గుకథ వంటి కళలను ప్రజాధనముతో తెరపైకి తెచ్చిన గౌరవము దూరదర్శనమునకు చెందవలసినదే. కాని ఖేడావంటి చిన్న ప్రసారము, ఒక తాలూకాకో జిల్లాకో పరిమితమై ఆ సీమ యాసలోనే పలుకునది, ప్రభుత్వము పక్షమున మనకు కలుగలేదు.

ఆ కొఱతను తీర్చినవారు పండితులు గారు, ధనికులు గారు. నాటి మెదకు జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు ప్రాంతపు దళిత స్త్రీలు. అచ్చట పస్తాపురమున డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ అను సంస్థను నెలకొల్పినవారిలో ముఖ్యులు పి.వి. సతీష్‌గారు. ఆయన పూర్వము దూరదర్శనమున కార్యక్రమ నిర్మాత, సైట్ ప్రయోగమునందును పనిచేసినవారు, 2023లో కీర్తిశేషులైరి. ఉపగ్రహముతో ఆరంభమైన త్రాడు ఇట్లు పస్తాపురపు పొలములకు వచ్చి ముడిపడినది. అచ్చటి సంఘములలోని స్త్రీలు, అక్షరము రానివారు సైతము, కెమేరా పట్టుట నేర్చికొనిరి. తమ జొన్నలను, కొఱ్ఱలను, విత్తనములను దాచు తీరును, ఎడ్లబండ్లపై ఊరూర సాగు పాతపంటల జాతరను చిత్రించిరి. వరంగల్లు సీమలో క్రొత్తరకపు బి.టి. ప్రత్తి నాటి నష్టపడిన రైతుల మాటలను పట్టి లోకమునకు చూపిరి.

వారు కెమేరా చూపులకు పెట్టుకొన్న పేర్లు మా మనస్సును మిక్కిలి ఆకర్షించినవి. పైనుండి క్రిందికి చూచు చూపును వారు పటేలు షాటు అనిరి. గట్టున నిలిచి కూలివానిని చూచు దొర చూపది. క్రిందనుండి పైకి చూచునది బానిస చూపు. కన్నును కన్నును సమముగా నుంచి చూచునది సంఘం షాటు. సంఘములో అందఱును నేలమీద వలయముగా కూర్చుండి మాటలాడునప్పటి చూపది. చలనచిత్రకళను గూర్చి గ్రంథములు వ్రాసినవారు కోణములను డిగ్రీలతో కొలిచిరి. ఈ తల్లులు వానిని తమ బ్రదుకుతో కొలిచిరి. మన చరిత్రగ్రంథములను ఈ కొలతతో పరీక్షించినచో ఎన్ని సంఘం షాటునకు నిలుచునో చదువరులే యోచింతురు గాక.

1995 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టువారు వాయుతరంగములు ప్రజల సొత్తనియు, అవి ప్రజాహితమునకై వినియోగపడవలెననియు తీర్పు చెప్పిరి. ఆ తీర్పు చెప్పినవారిలో ఒకరైన పి.బి. సావంతుగారే 2008 అక్టోబరు 15వ తేదీన జహీరాబాదు చేరువనున్న మాచునూరులో ఈ స్త్రీల 'సంఘం రేడియో'ను ఆరంభించుట సముచితముగా నున్నది. అనుమతి లభింపకమునుపు వారు తమ ధ్వనిముద్రలను ఊరూర తీసికొనిపోయి సంఘములలో వినిపించుకొనిరి. చట్టము వచ్చువఱకు మాట ఆగలేదు.

కొందఱు ఆక్షేపింతురు: ఊరికొక ప్రసారమైనచో దేశైక్యము చెడదా? చిన్నచోట తయారైనది మొఱటుగా నుండదా? మొదటిదానికి మా సమాధానమిది. తన ఊరిని ప్రేమింపనివాడు దేశమును ప్రేమించుననుట నోటిమాట. ఖేడా కార్యక్రమములు ఊరిని పొగడలేదు. ఊరి దోషములను ఊరికి చూపినవి. అట్టి స్థానికత సంకుచితత్వము కాదు. ఊరి గొప్పలు, కులము గొప్పలు మాత్రమే చెప్పు కార్యక్రమములు నిజముగా ప్రమాదకరములు; వానిని మేము కోరుట లేదు. రెండవదానికి సమాధానము పస్తాపురమువారే చెప్పియున్నారు.

నేడు ప్రతివాని చేతిలోను బొమ్మతీయు ఫోను కలదు. కావున ఖేడావంటి ఏర్పాట్లతో పనిలేదని తలంచుట పొరపాటు. సాధన మున్నంతమాత్రమున పద్ధతి రాదు. ఊరిని అడిగి, ఊరికి చూపి, మరల అడుగు ఓపిక వ్యాపారమునకు లేదు. అది ప్రజాసంస్థలకు మాత్రమే సాధ్యము. తీసినదానిని భద్రపఱచుటయు అట్టిదే. లోకమున అనేక ప్రసారసంస్థలు పాత పట్టీలను చెఱిపి మరల వాడుకొని తమ తొలినాళ్ల చరిత్రమును తామే పోగొట్టుకొన్నవి. తాళపత్రములను చెదలు తిన్న కథ మనకు క్రొత్త కాదు. ఆ చెదలే వేఱురూపున మరల వచ్చినది.

కావున చదువరులకు మా మనవి ఇది. ప్రజాధనముతో నడచు వాహినులు మన జిల్లాల చరిత్రమునకు ఎంత కాలము కేటాయించుచున్నవో విచారింపుడు. పాత ముద్రలను గ్రంథాలయములకును పాఠశాలలకును అందజేయుడని అడుగుడు. మీ యింటిలోని వృద్ధురాలిని, మీ వీథి ఊడ్చువానిని, మీ పొలమున నాటువేయు స్త్రీని వారి బ్రదుకును గూర్చి అడిగి, ఆ మాటను మార్పక పదిలపఱపుడు. అడుగునపుడు కుర్చీమీద కూర్చుండి అడుగవలదు. వారితోపాటు నేలమీద కూర్చుండుడు. మెకంజీనాటి కైఫియతులలో చోటు దొరకనివారి కైఫియతు మన కాలముననైనను వ్రాయబడవలయును.